తల కనిపించని వేషం

ఆ రోజు పొద్దున దర్జీ అమ్మాయి వేసుకున్న లెక్క ముచ్చటగా ఉంది. ఏడింటికి చంటిదానికి పాలు, ఏడున్నరకు స్నానం, ఎనిమిదింటికి అత్తగారి చేతికి అప్పగింత, తొమ్మిదింటికల్లా గోదాములో తను. తప్పు దొర్లే సందు ఎక్కడా లేదు. అందుకే ఆమె దాన్ని మళ్లీ మూడుసార్లు వేసి చూసుకుంది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన నాటినుంచీ, లెక్క మరీ తిన్నగా కుదిరిందంటే ఎక్కడో మొదలే తప్పిందని ఆమె నమ్మకం.

ఎనిమిదింటికి అత్తగారు చెప్పులు తొడుక్కుని, దవడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పళ్ల డాక్టరు రేపటిది ఇవాళ్టికి మార్చాడు. తొమ్మిదింటికి పీకేస్తాట్ట."

"ఇవాళా అత్తయ్యా? ఇవాళ నా షూటింగు!"

"నీ షూటింగు నాకు తెలీదూ! తల కనిపించదు, మాట వినిపించదు. మొన్న పక్కింటావిడ అడిగింది, మీ కోడలు ఏం వేషం వేస్తోందని. ఏం చెప్పను? మోకాళ్ల వేషం అని చెప్పనా?"

"ఒక్క పూట పన్ను ఓర్చుకోలేరా?"

"పన్ను నాది కాబట్టి నువ్వు ఎన్ని పూటలైనా ఓర్చుకుంటావు" అని అత్తగారు మెట్లు దిగిపోయింది. బస్సు నడిపే మొగుడు మొదటి ట్రిప్పుకి అయిదింటికే వెళ్లాడు. ఇంట్లో మిగిలింది దర్జీ, ఎనిమిది నెలల చంటిది, ఒక కూరగాయల బుట్ట. దర్జీ ముందు చంటిదాన్ని చూసింది, తర్వాత బుట్టను చూసింది.

అత్తగారు ఎంత వెటకారమాడినా, ఆ మోకాళ్ల వేషం వెనక పెద్ద కథే ఉంది. గోదాములో తీస్తున్నది మామూలు సినిమా కాదు. దానికి తెర ఉండదు. కళ్లకు హెడ్‌సెట్ కట్టుకుంటే చుట్టూ రైలు పెట్టె ప్రత్యక్షమవుతుంది, తల ఎటు తిప్పినా రైలే. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ఇరవయ్యేళ్ల కిందట మాటపట్టింపుతో వదులుకున్న కూతుర్ని చూడ్డానికి వెళ్తూ, ఆ సంగతంతా మీకే చెప్పుకుంటుంది. పన్నెండు నిమిషాలు మీరు వినాలి, అంతే. అంతా బాగుంది. కానీ మొదటిసారి చూసినప్పుడు నిర్మాత మేడమ్ కిందికి చూసుకుంది. సీటు ఉంది, సీట్లో ఎవరూ లేరు. చేతుల్లేవు, కాళ్లూ లేవు. రెండో నిమిషంలోనే హెడ్‌సెట్ ఊడబీకి, "నేనెప్పుడు పోయానయ్యా? నాకెవరూ చెప్పలేదే!" అంది.

రెండోసారి దర్శకుడు ఒక కసరత్తు మాస్టారిని ఆ సీట్లో కూర్చోబెట్టి, ఆయన కళ్లుండే చోట కెమెరా పెట్టి తీశాడు. చూసేవాళ్లు కిందికి చూసుకుంటే మాస్టారి ఒళ్లే తమ ఒళ్లులా కనిపించాలి. మేడమ్ మూడు నిమిషాలు భరించింది. "ఈ ముంజేతుల మీది బొచ్చు నాది కాదు. ఎవడో నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టుంది, సిగ్గేస్తోంది" అని లేచిపోయింది.

అప్పుడు దుస్తుల గదిలో ప్యాంటు అంచులు కుడుతున్న దర్జీ, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచింది. "ఎవరిదీ కాని ఒళ్లు కావాలంటే ముందు ఎవరిదీ కాని కోటు కావాలి సార్." తెరిచాక భయపడింది కానీ, అప్పటికే మాట దాటిపోయింది. వారం రోజులు కూర్చుని బూడిదరంగు కోటు కుట్టింది. భుజాలు మగా కాదు, ఆడా కాదు. పొడుగు చీలమండల దాకా. చేతులకు అదే రంగు తొడుగులు, కాళ్లకు తాళ్ల బూట్లు. అందరికీ పట్టేలా కుట్టిన ఆ కోటు, తీరా తొడిగి చూస్తే, చిత్రంగా ఆమె ఒక్కదానికే సరిగ్గా పట్టింది. అలా ఆమె సినిమాలోకి వచ్చింది. హాజరు పట్టీలో ఆమె పని ఎదురుగా 'ఒళ్లు' అని రాశారు. ఆ రెండక్షరాలనూ ఆమె రోజుకి మూడుసార్లు వెళ్లి చూసుకునేది.

ఇవాళ మూడోసారి. సాయంత్రం నాలుగింటికి మేడమ్ వస్తుంది. నచ్చితే ఇంకో అయిదు భాగాలు తీస్తారు, దర్జీకి ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే గోదాముకి తాళం, దర్జీకి మళ్లీ ప్యాంటు అంచులు. ఆమె చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు. దర్శకుడు నెల్లాళ్లుగా చెబుతున్నది ఒక్కటే మాట: "కదలొద్దు."

చంటిదాన్ని కాపలాదారు దగ్గర వదలొచ్చని ఆమె ధైర్యం. కాపలాదారు సెలవు. దుస్తుల గదిలో పడుకోబెడదామంటే నేలంతా గుండుసూదులు. దర్శకుడికి చెప్పేద్దామని వెళితే ఆయన ఎదురొచ్చి, "ఇవాళ లోపలికి చీమ కూడా రాకూడదమ్మా! చీమ వచ్చినా కనిపిస్తుంది!" అన్నాడు. ఆ మాటా నిజమే. ఆ కెమెరా చుట్టూ ఎనిమిది కళ్లున్న బంతి. ముందూ వెనకా పైనా కిందా అన్నీ చూస్తుంది. దాని వెనక నిలబడదామంటే దానికి వెనకంటూ లేదు. అందుకే తీసేటప్పుడు దర్శకుడితో సహా అందరూ పక్కగదిలోకి పారిపోయేవారు. అక్కడున్న చిన్న తెరలో పెద్దావిడ ముఖం ఒక్కటే కనిపించేది. మిగతా కళ్లు చూసిందంతా తర్వాత తీరిగ్గా కలిపి చూసుకోవాల్సిందే.

ఎనిమిది కళ్లకూ అందని చోటు ఆ హాల్లో ఒకే ఒక్కటి ఉంది: రైలు సీటు కింద, కోటు అంచు వెనక. ఆ అంచు కుట్టింది తనే కాబట్టి దర్జీకి తెలుసు. కడుపునిండా పాలు తాగి ఒళ్లెరగని నిద్రలో ఉన్న చంటిదాన్ని బుట్టతో సహా అక్కడికి తోసింది. పన్నెండు నిమిషాలు. ఈ పిల్ల గంటకు తక్కువ పడుకున్న రోజు లేదు. దర్జీ సీట్లో కూర్చోగానే ఆమె తలమీద నల్లగుడ్డ కప్పి, కళ్లెదుట కెమెరా నిలిపారు. తర్వాత బొమ్మలోంచి ఆ తలను చెరిపేస్తారు. పెద్దావిడ ఎదురు సీట్లో గొంతు సవరించుకుంది. తలుపులు మూసుకున్నాయి.

మూడు నిమిషాలు రైలు హాయిగా సాగింది. నాలుగో నిమిషంలో సీటు కింద బుట్ట కిర్రుమంది.

దర్జీ ఎడమ కాలు ఆమెను అడగలేదు. బుట్ట అంచుకు ఆని, నెమ్మదిగా ఊపడం మొదలెట్టింది. ఎనిమిది నెలలుగా ఆ కాలు ఊగితే కుడిచెయ్యి జోకొట్టడం అలవాటు. ఇప్పుడూ కుడిచెయ్యి మోకాలి మీద జోకొట్టసాగింది. నల్లగుడ్డ కింద ఆమెకు ఏమీ కనిపించదు. తను బొమ్మలా కూర్చున్నాననే ఆమె అనుకుంటోంది.

ఏడో నిమిషంలో చంటిదానికి బూటు తాడు దొరికింది. లాగింది. బూటు ఊడొచ్చింది. లోపల సాక్సు, సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు. ఊరందరి చిరుగులూ కుట్టే మనిషికి తన సాక్సు కుట్టుకునే తీరిక ఎక్కడిది! ఆ చిల్లులోంచి బయటికి చూస్తున్న వేలిని ఒక బుల్లి చెయ్యి వచ్చి గుప్పిట్లో పట్టుకుంది. "కూ..." అంది చంటిది సంతోషంగా.

పక్కగదిలో శబ్దం పట్టే ఆయన ఉలిక్కిపడ్డాడు. నిద్రలోనూ హెడ్‌ఫోన్లు తియ్యడని ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. "పావురం! పైకప్పులో పావురం దూరింది!" అని గుసగుసలాడి, చప్పుడు కాకుండా బయటికి జారుకున్నాడు.

తొమ్మిదో నిమిషానికి 'కూ' కాస్తా 'ఊఁ ఊఁ' అయింది. తర్వాతి మెట్టు ఏమిటో తల్లికి తెలుసు, అది వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆమె వంగకుండానే చెయ్యి కిందికి చాపి, చంటిదాన్ని కోటు అంచు కిందినుంచే పైకి లాగి, బొత్తాల లోపల పొట్టకు హత్తుకుంది. చంటిదానికి ఆ చీకటి సరదాగా అనిపించి కాళ్లు ఆడించింది. ఎదురుగా పెద్దావిడ గొంతు వణకడం దర్జీకి వినిపించింది. మాటలు వేగం అందుకున్నాయి. రెండు నిమిషాలు పట్టే చివరి ఘట్టాన్ని ఆవిడ వలవలా ఏడుస్తూ ఒక్క నిమిషంలో ముగించింది.

"కట్! కట్!" దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, చంపేశారండీ! ఆ ఏడుపు ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?"

ఈలోపు దర్జీ పొట్టని రెండు చేతులా పట్టుకుని, ఒంటి బూటుతో కుంటుకుంటూ దుస్తుల గదిలో దూరి గడియ పెట్టేసుకుంది.

"ఏడుపు కాదయ్యా, భయం!" అంది పెద్దావిడ గుండె మీద చెయ్యేసుకుని. "ఆ పిల్లకి నొప్పులొస్తున్నాయి! చూస్తుండగానే కడుపు ఇంతయింది. లోపల బిడ్డ అటూ ఇటూ తన్నేస్తుంటే కళ్లారా చూశాను."

"ఆ అమ్మాయి కడుపుతో ఉందా?"

"నెల్లాళ్లుగా తల కనపడకూడదు, తల కనపడకూడదు అని తల చుట్టూ తిరిగావు. కడుపు వైపు ఎప్పుడు చూశావు కనకా?"

నిండు చూలాలిని నెల్లాళ్లు కదలొద్దన్నందుకు లోకం తనని ఏమంటుందో ఊహించుకుని, దర్శకుడు అంబులెన్సుకి ఫోన్ చేశాడు. తర్వాత హాజరు పట్టీలో ఆ అమ్మాయి అత్తగారి సెల్ నంబరు వెతికి చేశాడు. ఆవిడ అప్పుడే పన్ను పీకించుకుని, నోట్లో దూది కుక్కుకుని కుర్చీ దిగుతోంది.

"అమ్మా, మీ కోడలికి పురుడొస్తోంది!"

"ఊఁ?"

"అవునండీ! ఏ క్షణమైనా!"

"ఊఁ ఊఁ! ఊఊఊఁ!"

"పాపం, ఆనందంతో మాట రావడం లేదు" అని దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు.

అంబులెన్సు వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా కప్పుకి నిచ్చెన వేసి ఉంది. స్ట్రెచర్ తెచ్చినవాళ్లు దాన్ని తీసి గోడ పక్కన పడుకోబెట్టి లోపలికి ఉరికారు. దుస్తుల గది తలుపు అవతల, చీకటి ఆట అయిపోయిన చంటిది సరిగ్గా అప్పుడే గొంతెత్తింది.

"పుట్టేసింది!" దర్శకుడు గోడకు చేరగిలబడిపోయాడు. "మన సెట్లో! మన సెట్లో పుట్టిందండీ!"

తలుపు తీస్తే, గుడ్డల తాను మీద చంటిది దర్జాగా కూర్చుని కొలతల టేపు నములుతోంది. దాని పక్కన తల్లి, తల దించుకుని.

"అప్పుడే కూర్చుంటోందే!" అన్నాడు దర్శకుడు నివ్వెరపోయి.

అంబులెన్సుతో వచ్చిన నర్సు చంటిదాని నోట్లోంచి టేపు లాగి, లోపలికి తొంగిచూసింది. "రెండు పళ్లు కూడా ఉన్నాయి సార్. పుట్టి ఎనిమిది నెలలైంది. కబురు మీకే కాస్త ఆలస్యంగా అందినట్టుంది."

ఈ మాట విన్న పెద్దావిడకు ఒకేసారి నవ్వూ, కోపం, రక్తపోటూ పెరిగాయి. వచ్చిన బండి ఖాళీగా పోవడమెందుకని ఆవిణ్ని ఎక్కించుకుని అంబులెన్సు వెళ్లిపోయింది. పరీక్షలన్నీ చేశాక అంతా కులాసానే అని కబురు పంపారు కానీ, సాయంత్రం దాకా మంచం దిగనివ్వలేదు. దాంతో ఇంకోసారి తీద్దామన్న ఆశ కూడా బండెక్కి వెళ్లిపోయినట్టయింది.

దర్శకుడు ఎనిమిది కళ్లు చూసినదంతా కలిపి, హెడ్‌సెట్ పెట్టుకుని, కిందికి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"ఇదేంటమ్మా?"

"కాలు సార్."

"కాలు నాకూ తెలుసు. ఎందుకు ఊగుతోంది? ఈ జోకొట్టడం ఏంటి? ఈ చిల్లేంటి? ఈ బుల్లి చెయ్యెవరిది?"

"అది... చంటిదాని చెయ్యి సార్."

"నేను నీకు చెప్పింది ఎన్ని మాటలు?"

"ఒక్కటే సార్. కదలొద్దని."

"మరి?"

"నేను కదల్లేదు సార్. ఒట్టు. అవే కదిలాయి."

దర్శకుడు నెత్తి పట్టుకున్నాడు. "మేడమ్‌కి ఇది నా తప్పు కాదని చెప్పేస్తానమ్మా. నాకు వేరే దారి లేదు." "చెప్పండి సార్" అంది దర్జీ. పొద్దున లెక్క అంత తిన్నగా కుదిరినప్పుడే ఆమె దీనికి సిద్ధపడింది. కోటు మడత పెట్టి ఒళ్లో పెట్టుకుంది. పని పోతే పోయింది, కోటు మాత్రం అడిగి తెచ్చుకోవాలి అనుకుంది. అంత బాగా భుజాలు కుదరడం జన్మలో ఒక్కసారే జరుగుతుంది.

మూడున్నరకు అత్తగారు రొప్పుకుంటూ వచ్చింది. ఆస్పత్రులన్నీ తిరిగి వచ్చింది కాబోలు, ఒక చేతిలో పసిపిల్లల దుప్పటి, ఇంకో చేతిలో వాచిన దవడ. కోడల్నీ, మనవరాల్నీ మార్చి మార్చి చూసి, "ఊఁ?" అంది. కోడలు జరిగింది చెప్పింది. అత్తగారు తిట్టడానికి నోరు తెరవబోయి, దూది గుర్తొచ్చి, తిట్లన్నీ మింగి, చంటిదాన్ని లాక్కుని ఒక మూల కూర్చుంది.

నాలుగింటికి మేడమ్ వచ్చింది. ఇస్త్రీ చెదరని బట్టలు, మెరిసే బూట్లు, ఎవరికీ అర్థంకాని ముఖం. కుర్చీలో కూర్చుని, "ఈసారి ఎన్ని నిమిషాలు కూర్చోబెడతారో చూద్దాం" అని హెడ్‌సెట్ కట్టుకుంది.

రెండో నిమిషం దాటింది. మూడోది దాటింది. నాలుగో నిమిషంలో దర్శకుడు మోచేత్తో దర్జీని పొడిచాడు. మేడమ్ ఎడమ కాలు ఊగుతోంది! కాసేపటికి ఆవిడ కుడిచెయ్యి, ఇన్నేళ్లుగా సంతకాలు తప్ప ఇంకో పని ఎరగని చెయ్యి, మోకాలి మీద మెత్తగా జోకొట్టడం మొదలెట్టింది. ఏడో నిమిషంలో "అయ్యో" అని పాదం ముడుచుకుంది. తొమ్మిదో నిమిషంలో వంగి, గాల్లోంచి ఏదో అందుకుని, రెండు చేతులా పొట్టకు హత్తుకుంది. పొద్దున దర్జీ ఎలా పట్టుకుందో అచ్చం అలాగే. తల కింద ఎడమ మోచెయ్యి, వీపు కింద కుడి అరచెయ్యి.

బొమ్మ అయిపోయింది. మేడమ్ హెడ్‌సెట్ తియ్యలేదు. చాలాసేపు అలా గాలిని ఎత్తుకునే కూర్చుంది. తర్వాత ఒక్క చేత్తో మెల్లగా హెడ్‌సెట్ తీసింది, రెండో చెయ్యి కదిపితే ఎవరో లేస్తారన్నట్టు.

"ఎవరిదీ ఒళ్లు?"

దర్శకుడు ముందుకొచ్చాడు. "క్షమించాలి మేడమ్, పొరపాటైంది. ఇదంతా ఈ దర్జీ అమ్మాయి..."

మూలనుంచి అత్తగారు లేచింది. నోట్లోంచి దూది తీసి కొంగులో... కొంగు అందక, అక్కడే ఉన్న దర్శకుడి చేతిలో పెట్టింది. "మా కోడలు!" అంది, దవడ సలుపుతున్నా గోదాము దద్దరిల్లేలా. "ఆ మోకాళ్లు మా కోడలివి! ఆ కోటూ మా కోడలే కుట్టింది! ఆ చెయ్యి మా మనవరాలిది. తప్పుంటే నా పన్నుది, దాన్నేమీ అనకండి!"

మేడమ్ వంగి, మెరిసే ఎడమ బూటు విప్పింది. లోపల ఖరీదైన సాక్సు. సాక్సుకి, సరిగ్గా బొటనవేలి దగ్గర, చిల్లు.

"కిందికి చూసుకుంటే చిల్లు కనిపించింది. ఇది నాదే అనుకున్నాను. ఇంకెవరి కాలో అన్న అనుమానమే రాలేదు" అంది. "ఒళ్లో చంటిది ఏడుపు అందుకుంటుందేమోనని, ఎదురుగా ఆవిడ ఏడుస్తుంటే ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. కూతుర్ని వదులుకున్న తల్లి మాటలు ఊరికే కూర్చుని వినడం వేరయ్యా. ఒళ్లో బిడ్డని పెట్టుకుని వినడం వేరు. నేను ఆ రైల్లోనే ఉన్నాను."

"సరిగ్గా ఆ ఉద్దేశంతోనే మేడమ్, మొదటినుంచీ నేను..."

"ఇందాక పొరపాటన్నారు."

"మనిషికి రెండు అభిప్రాయాలు ఉండొచ్చు కదా మేడమ్" అన్నాడు దర్శకుడు దూదిని వీపు వెనక దాచుకుంటూ.

"మిగతా అయిదు భాగాల్లోనూ ఇదే ఒళ్లు ఉండాలి" అని మేడమ్ దర్జీ వైపు తిరిగింది. "ఏమ్మా, ఎక్కడ నేర్చుకున్నావిది?"

"ఎనిమిదో తరగతి మేడమ్" అంది దర్జీ కంగారులో. తర్వాత సర్దుకుని, చంటిదాన్ని చూపించి, "ఎనిమిది నెలలు" అంది. ఈసారి తల దించుకోలేదు.

అత్తగారు హెడ్‌సెట్‌కు 'గుర్రం గంతలు' అని పేరు పెట్టి, అడిగి మరీ కట్టించుకుంది. నాలుగో నిమిషంలో ఆవిడ కాలూ ఊగింది. గంతలు తియ్యకుండానే పక్కింటావిడకు ఫోన్ చేయించుకుని, అందరికీ వినపడేలా చెప్పింది. "తల కనిపించదు, అవునమ్మా. ఎందుకు కనిపించాలి? చూసేవాళ్ల తలే దానికి తల! ఎవరు చూస్తే వాళ్లే మా కోడలు! రేపు నువ్వు చూశావనుకో, నువ్వూ మా కోడలివే. అంత గొప్పదానివి అవుతావు, కాసేపు."

దర్జీ గోడవైపు తిరిగి, కోటు మడత విప్పి, లేని దుమ్ము దులిపింది.

వెళ్తూ వెళ్తూ మేడమ్ ఆగింది. "అన్నట్టు, సీటు అడుగునుంచి ఆ చంటిదాని కూత... అంత సన్నటి శబ్దాన్ని అంత నిజంగా పట్టిందెవరు? ఆయన్ని చూడాలి."

అందరూ చెవులాయన కోసం అటూ ఇటూ వెతికారు. దర్శకుడి చూపు తెరిచిన తలుపులోంచి, గోడ పక్కన పడుకున్న నిచ్చెన మీద పడింది.

"నేను వచ్చేటప్పుడు కప్పు మీదనుంచి ఒకాయన చెయ్యి ఊపాడు" అంది అత్తగారు. "ఇంకో మనవరాలు పుట్టినందుకు కాబోలని నేనూ ఊపాను."

"నాకూ ఊపాడు" అంది మేడమ్. "మర్యాదస్తుడు అనుకున్నాను."

పావురం కోసం కప్పెక్కిన చెవులాయన ఆరు గంటలుగా పైనే ఉన్నాడట, అరిచి అరిచి గొంతు పోయాక చెయ్యి ఊపడం మొదలెట్టాడట. బయటి చప్పుడు చీమంత కూడా లోపలికి రాకుండా గోడలకు దుప్పట్లు కొట్టింది ఆయనే కాబట్టి, పనితనానికి మాత్రం ఎవరూ వంక పెట్టలేకపోయారు.